నీళ్ళు తాగకపోతే మూత్రం ఆగుతుందా?

మిరపకాయ కోతల కాలం వచ్చిందంటే మా ఆసుపత్రి వరండాలో ఒకే రకమైన మాట వినబడుతుంది. "వేడి చేసిందండీ డాక్టరమ్మగారూ! ఒంటికి వెళ్తే ఒకటే మంట. పొత్తికడుపు లాగేస్తోంది. వెళ్ళొచ్చిన ఐదు నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. తీరా వెళ్తే నాలుగు చుక్కలు."

ఆ మధ్య ఇలాగే వచ్చిన ఒక సహోదరికి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఏడాదిలో ఆమెకు ఇది నాలుగోసారి. "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా?" అని అడిగాను. "పొద్దున అన్నం తిన్నాక ఒక గ్లాసు. మళ్ళీ ఇంటికొచ్చాకే" అన్నది. మార్చి ఎండ. పొద్దున ఏడింటికి చేలో దిగితే సాయంత్రం నాలుగు దాకా వంచిన నడుము ఎత్తని పని. గట్టు మీద నీళ్ళ క్యాను ఉండనే ఉంటుంది. మరి ఎందుకు తాగవంటే తల వంచుకుంది. "తాగితే వెళ్ళాలి గదండీ. చుట్టూ చేలే. మగవాళ్ళు తిరుగుతుంటారు. అసలు తాగకపోతే ఆ బాధే ఉండదని..."

ఆమె లెక్క పైకి సబబుగానే కనబడుతుంది. కుండలో నీళ్ళు పోయకపోతే కుండ కారదు. కాని మన శరీరం కుండ కాదు. ఇవాళ ఒక్క చుక్క నీరు తాగకపోయినా మూత్రం తయారవుతూనే ఉంటుంది. అది ఎందుకు, ఎలా అన్నది తెలిస్తే ఆ సహోదరి లెక్క ఎక్కడ తప్పిందో అర్థమవుతుంది. అందుకని ఈ నెల మూత్రపిండాల దగ్గర మొదలుపెట్టి, మూత్రం బయటికి వెళ్ళేదాకా దాని దారి వెంట నడుద్దాం.

మూత్రపిండాలు రెండు. ఇప్పుడు పల్లెల్లో కూడా అందరూ కిడ్నీలు అనే అంటున్నారు. లేవీయకాండము చదివేవారికి ఇవి కొత్త కాదు. బలిపశువుల విషయంలో మూత్రగ్రంథులు అని పదే పదే వస్తుంది. కీర్తనలలో "అంతరింద్రియములు" అని మనం చదివే కొన్ని చోట్ల కూడా హీబ్రూ మూలంలో ఉన్నది మూత్రపిండాల పేరే. మనిషి లోపలి ఆలోచనలకు, కోరికలకు అవి స్థానమని ఆ కాలపువారు తలచేవారు. మనవాళ్ళు "గుండె" అన్నట్టుగా వారు మూత్రపిండాలు అన్నారన్నమాట.

అవి ఉండేది చాలామంది అనుకున్నట్టు పొత్తికడుపులో కాదు. వీపు వైపున, వెన్నెముకకు అటూ ఇటూ, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. చిక్కుడు గింజ ఆకారం, పిడికిలంత పరిమాణం. పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. ఒక్కొక్కటి 150 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. కుడివైపున పైన కాలేయం ఉన్నందువల్ల ఆ వైపు మూత్రపిండం కాస్త కిందికి ఉంటుంది. నడుము నొప్పి రాగానే "కిడ్నీలు పోయాయేమో" అని భయపడి వచ్చేవారిని రోజూ చూస్తాను. వంగి పనిచేసేవారి నడుము నొప్పి చాలావరకు కండరాలది, వెన్నుపూసలది. అసలైన మూత్రపిండాల జబ్బు చాలాకాలం ఏ నొప్పీ లేకుండానే ముదురుతుంది. దాని ప్రమాదం అక్కడే ఉంది.

ఇంత చిన్న అవయవాలకు అందే రక్తం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపితే అందులో ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే, ఈ రెండింటికే పోతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో కంటికి కనబడని సన్నని వడపోత గొట్టాలు సుమారు పది లక్షలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో దారపు ఉండలాగా చుట్టుకున్న రక్తనాళాల గుచ్ఛం, దాని చుట్టూ దొన్నెలాంటి ఒక తొడుగు ఉంటాయి. ఆ దొన్నెకు, రక్తనాళాల గుచ్ఛానికి ఉన్న సంబంధాన్ని 1842లో విలియం బౌమన్ అనే ఆంగ్ల వైద్యుడు సూక్ష్మదర్శిని సాయంతో వివరించాడు. అందుకే దానికి ఇప్పటికీ బౌమన్ గుళిక అని పేరు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ వేయని సంవత్సరం ఉండదు.

మూత్రపిండం పనిచేసే తీరు మనం ఊహించేదానికి తలకిందులుగా ఉంటుంది. రక్తంలోని మలినాలను ఏరి బయట పడేస్తుందని మనం అనుకుంటాం. కాని అది మలినాలను ఏరదు. క్రిస్మస్ ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు మనం ఏం చేస్తాం? ఇంట్లో సామానంతా, మంచీ చెడూ చూడకుండా, వాకిట్లోకి చేరవేస్తాం. తరువాత కావలసినవి ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటాం. మిగిలిపోయినది చెత్త. సరిగ్గా ఇదే పద్ధతి. రక్తకణాలను, పెద్ద పెద్ద మాంసకృత్తులను మాత్రం జల్లెడలో ఆపి, తక్కిన నీరు, ఉప్పు, చక్కెర, మలినాలు అన్నింటినీ కలగలుపుగా దొన్నెలోకి వదిలేస్తుంది. అలా వడగట్టే ద్రవం నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు. రోజుకు 180 లీటర్లు! పదిహేను లీటర్ల బిందెతో లెక్క వేస్తే పన్నెండు బిందెలు.

పన్నెండు బిందెల నీరు శరీరం నుంచి పోతే మనిషి బతకడు. అందుకని ఆ ద్రవం నెఫ్రాన్ గొట్టంలో మెలికలు తిరుగుతూ పోతుండగానే, గొట్టం గోడలు కావలసినవాటిని మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటాయి. చక్కెరను పూర్తిగా వెనక్కి తీసుకుంటాయి. ఉప్పును అవసరాన్నిబట్టి తీసుకుంటాయి. నూరు పాళ్ళ నీటిలో తొంభై తొమ్మిది పాళ్ళు వెనక్కి వచ్చేస్తుంది. ఆఖరికి మిగిలే లీటరున్నరే మూత్రం.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. శరీరం ఇంతకుముందు ఎన్నడూ చూడని పదార్థం, ఉదాహరణకు నిన్నమొన్న కనిపెట్టిన ఒక మందు, రక్తంలోకి వచ్చిందనుకోండి. దాన్ని గుర్తుపట్టి గెంటవలసిన పని మూత్రపిండానికి లేదు. వెనక్కి తీసుకోకుండా ఊరుకుంటే చాలు, చాలావరకు అదే పోతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారి సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. రక్తంలో చక్కెర మరీ పెరిగినప్పుడు గొట్టం గోడలు అంతటినీ వెనక్కి పీల్చుకోలేవు. మిగిలినది మూత్రంలో పోతూ తనతోపాటు నీటిని కూడా లాక్కుపోతుంది. అందుకే అతిమూత్రం, అతిదాహం. మూత్రం పోసినచోట చీమలు పడుతున్నాయని మన పెద్దవాళ్ళు పసిగట్టేవారు. మధుమేహం అన్న పేరులోనే మధువు, అంటే తేనె ఉన్నది గదా!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నీళ్ళు తాగకపోతే మూత్రం ఎందుకు ఆగదు?

మనం తిన్న పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తులు శరీరంలో వాడుకైన తరువాత మిగిలిన వ్యర్థాన్ని కాలేయం యూరియాగా మారుస్తుంది. కండరాలు పనిచేస్తే క్రియాటినిన్ అనే మలినం వస్తుంది. అక్కరకు మించిన ఉప్పులు, ఆమ్లాలు ఉంటాయి. ఇవన్నీ మనం నీళ్ళు తాగిన రోజూ తయారవుతాయి, తాగని రోజూ తయారవుతాయి. పొడిగా వీటిని బయటికి పంపే దారి లేదు. నీటిలో కరిగించే పంపాలి. మూత్రపిండం ఎంత పొదుపుగా వాడినా వీటిని మోసుకుపోవడానికి రోజుకు సుమారు అర లీటరు నీరు కావాలి. ఆ నీరు మనం తాగి ఇవ్వకపోతే అది శరీరంలోనుంచే తీసుకుంటుంది.

ఈ పొదుపు కూడా ఒక ఏర్పాటు ప్రకారం జరుగుతుంది. చెమట పట్టి, నీరు తగ్గి, రక్తం కాస్త చిక్కబడగానే మెదడు అడుగుభాగంలోని ఒక కేంద్రం దాన్ని పసిగడుతుంది. ఒకవైపు మనకు దాహం పుట్టిస్తుంది. మరొకవైపు పీయూష గ్రంథి నుంచి ఒక హార్మోనును రక్తంలోకి విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను మూత్రపిండాలకు చేరగానే అవి ఇంకా ఎక్కువ నీటిని వెనక్కి పీల్చుకుంటాయి. మూత్రం కొద్దిగా, చిక్కగా, ముదురు రంగులో వస్తుంది. ఈ హార్మోను రాత్రివేళ ఎక్కువగా విడుదల అవుతుంది కనుకనే ఆరేడు గంటలు లేవకుండా నిద్రపోగలుగుతున్నాం. సారా తాగినవాడు పదే పదే గోడవైపు నడవడం మీరు చూసే ఉంటారు. ఆ హార్మోనును సారా అణచివేస్తుంది. తాగినదానికన్నా ఎక్కువ పోగొట్టుకుని తెల్లవారి నోరు పిడచగట్టుకుపోయి లేస్తాడు.

కాబట్టి నీళ్ళు మానిన సహోదరికి మూత్రం ఆగలేదు. చిక్కబడింది, అంతే. చిక్కని మూత్రంలో ఉప్పులు పేరుకుని రాళ్ళు కట్టే అవకాశం పెరుగుతుంది. ఇంకొక నష్టం ఉంది. అది తెలియాలంటే మూత్రాశయం దాకా వెళ్ళాలి.

మూత్రపిండాల నుంచి కిందికి రెండు సన్నని నాళాలు వస్తాయి. ఒక్కొక్కటి ఇంచుమించు అడుగు పొడవు. మూత్రం వీటిలో గొట్టంలో నీరు జారినట్టు జారదు. నాళపు గోడలు అలలు అలలుగా ముడుచుకుంటూ దాన్ని కిందికి తోస్తాయి. అందువల్ల పడుకున్నా కూర్చున్నా వంగి కలుపు తీస్తున్నా ఆ పని ఆగదు. రాయి ఒకటి ఈ నాళంలో ఇరుక్కున్నప్పుడు నాళం దాన్ని తోయడానికి ప్రయత్నిస్తుంది. ఆ నొప్పి నడుము పక్కనుంచి గజ్జల్లోకి పాకుతుంది. ఎంతటి మొండి మనిషినైనా నేలమీద దొర్లిస్తుంది. చిన్న రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కొండపిండి ఆకు తిన్నందువల్ల పడిందని ఒకరు, అరటి దవ్వ రసంతో పడిందని మరొకరు చెబుతుంటారు. వాటితోపాటు తాగిన నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. రాయితోపాటు చలిజ్వరం వస్తే మాత్రం ఇంటి వైద్యాలు కట్టిపెట్టి అదే రోజు ఆసుపత్రికి రావాలి.

నాళాలు వచ్చి మూత్రాశయంలో కలిసే తీరు చూడండి. నేరుగా కాక గోడలో ఏటవాలుగా దూరి వస్తాయి. మూత్రాశయం నిండి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ ఏటవాలు భాగం నొక్కుకుపోయి దానంతటదే మూసుకుంటుంది. మూత్రం తిరిగి పైకి పోదు. ఏ తలుపూ లేకుండానే తలుపు పని జరిగిపోతుంది.

మూత్రాశయం కండరాలతో చేసిన సంచి. ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉండి, నిండేకొద్దీ సాగుతుంది. పెద్దవారిలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు సుఖంగా పడుతుంది. 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికే మొదటి కబురు మెదడుకు వెళ్తుంది. కింద రెండు బిగింపులు ఉన్నాయి. లోపలిది మన అదుపులో లేదు. బయటిది మన అదుపులో ఉంది. పసిబిడ్డలో ఈ అదుపు ఇంకా ఏర్పడదు కనుక నిండగానే సంచి ముడుచుకుంటుంది, పక్క తడుస్తుంది. రెండు మూడేళ్ళు వచ్చేసరికి పగటిపూట అదుపు వస్తుంది. రాత్రిపూట అదుపు రావడానికి కొందరికి ఐదారేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. పక్క తడిపిన ఏడేళ్ళ పిల్లవాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేయడం, వాత పెడతానని బెదిరించడం నేను విన్నాను. వాడు నిద్రలో చేసిన పనికి మెలకువలో శిక్ష వేస్తే ఏం లాభం? రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పంపించండి. చాలామంది పిల్లలకు అది వయసుతో పోతుంది. బాగా అదుపు వచ్చిన పిల్లవాడు మళ్ళీ తడపడం మొదలుపెడితే మాత్రం మూత్రం పరీక్ష, చక్కెర పరీక్ష చేయించాలి.

మనం వెళ్ళడానికి తగిన చోటు దొరికాక మెదడు సెలవిస్తుంది. సంచి కండరం ముడుచుకుంటుంది, బిగింపులు సడలుతాయి, మూత్రం బయటికి వచ్చేస్తుంది. ఆ చివరి దారి మగవారిలో సుమారు 20 సెంటీమీటర్లు. ఆడవారిలో 4 సెంటీమీటర్లే. స్త్రీల కష్టంలో సగం ఈ కొలతలోనే ఉంది.

మన పేగులలో ఎల్లప్పుడూ ఉండే ఒక రకం సూక్ష్మక్రిములు అక్కడున్నంతకాలం ఏ హానీ చేయవు. అవి మూత్రద్వారం దగ్గరికి చేరి, ఆ పొట్టి దారిలో పైకి పాకి మూత్రాశయంలోకి పోతే మంట, పోటు, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం మొదలవుతాయి. మనం "వేడి చేసింది" అనేది చాలాసార్లు ఇదే. క్రిములను బయటికి తరిమే ముఖ్యమైన సాధనం మూత్రమే. ధారగా వచ్చిన ప్రతిసారీ అది లోపలి దారిని కడిగేస్తుంది. ఎనిమిది తొమ్మిది గంటలు నీళ్ళు తాగక, వెళ్ళకుండా బిగబట్టుకుంటే కడిగే పని ఆగిపోతుంది. క్రిములు పెరగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఆ సహోదరి తప్పించుకోవాలనుకున్న బాధ ఆమె దాహాన్ని పట్టుకుని వచ్చింది.

ఇది నా ఊహ కాదు. మాటిమాటికీ ఈ జబ్బు వచ్చే 140 మంది స్త్రీలపై చేసిన ఒక పరిశీలన 2018లో ప్రచురితమైంది. వారందరూ అంతకుముందు నీళ్ళు తక్కువ తాగేవారే. సగంమందిని రోజూ తాగే నీటికి ఇంకొక లీటరున్నర కలిపి తాగమన్నారు. మిగిలినవారిని అలవాటు మార్చవద్దన్నారు. ఏడాది గడిచేసరికి మామూలుగా తాగినవారికి సగటున మూడుసార్లకు పైగా జబ్బు వస్తే, ఎక్కువ తాగినవారికి రెండుసార్లకన్నా తక్కువగా వచ్చింది. ఖర్చు లేని మందు ఇంతకన్నా ఏముంటుంది?

అయితే జబ్బు వచ్చాక నీళ్ళు ఒక్కటే చాలవు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పలచని మజ్జిగ, కొబ్బరి నీళ్ళు తాగండి. ద్రవం ఏదైనా మేలే. కాని రెండు రోజుల్లో తగ్గకపోతే మూత్రం పరీక్ష చేయించుకుని తగిన మందు పూర్తిగా వాడాలి. మంట తగ్గగానే మందు ఆపేసి మిగతా బిళ్ళలు గూట్లో దాచి, వచ్చే నెల తోడికోడలికి ఇవ్వడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు. అది ఇద్దరికీ చెరుపు. వణుకుతో జ్వరం, వీపు పక్కన పోటు, వాంతులు వచ్చాయంటే క్రిములు మూత్రపిండం దాకా ఎక్కాయని అర్థం. ఆలస్యం పనికిరాదు. గర్భిణీలలో మంట లేకపోయినా మూత్రంలో క్రిములు ఉండవచ్చు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఆశా కార్యకర్త, ఏఎన్ఎంగారు మూత్రం పరీక్షకు రమ్మంటే విసుక్కోకుండా వెళ్ళండి. కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కి కడుక్కోవాలని ఎదిగే ఆడపిల్లలకు తల్లులే చెప్పాలి. ఇంకెవరూ చెప్పరు.

వయసు మళ్ళిన మగవారి బాధ వేరు. మూత్రాశయం కింద, దారి చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతోపాటు పెరిగి దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది. దీనికి మందులున్నాయి. సిగ్గుపడి దాచుకుని, ఒకనాటి రాత్రి పూర్తిగా బిగుసుకుపోయాక ఆటోలో పడేసుకుని తెచ్చేదాకా రావద్దు.

ఎండలో పనిచేసేవారికి ఇంకొక మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం పేరు మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్ళు. చక్కెర వ్యాధి, రక్తపోటు లేనివారికి కూడా అక్కడ మూత్రపిండాలు పాడవుతున్నాయి. చాలా ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. నీటిని, పురుగుమందులను, ఎండలో శ్రమను, నొప్పి బిళ్ళలను అన్నింటినీ అనుమానిస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలాంటి జబ్బే మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కూలీలలో కనబడింది. అక్కడ ఎండలో చెమటోడ్చి తగినంత నీరు తాగకపోవడాన్ని బలంగా అనుమానించి, నికరాగువాలోని కొన్ని తోటల్లో కూలీలకు నీరు, నీడ, విశ్రాంతి వేళలు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు మెరుగుపడ్డాక మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గినట్టు గమనించారు.

నొప్పి బిళ్ళల సంగతి మాత్రం అనుమానం కాదు, రూఢి. పగలంతా కోత కోసి సాయంత్రం కిళ్ళీ బడ్డీలో రెండు బిళ్ళలు కొని మింగి పడుకోవడం చాలా ఊళ్ళలో రోజువారీ వ్యవహారం అయిపోయింది. డైక్లోఫెనాక్ వంటి మందులు మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. శరీరంలో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఎండలో ఎండి వచ్చి, నీళ్ళు తాగకుండా ఆ బిళ్ళ మింగడమంత చెడ్డ అలవాటు మూత్రపిండాలకు ఇంకొకటి లేదు.

ఒకసారి పూర్తిగా పాడైతే వాటి పని ఎవరు చేయాలి? హాలండు దేశంలో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు యుద్ధకాలంలో, 1943లో, సాసేజీలకు తొడిగే సెల్లోఫేను గొట్టాలతో కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. 1945లో దానితో మొదటి రోగి బతికి బయటపడింది. 67 ఏళ్ళ స్త్రీ. నేటి డయాలసిస్ యంత్రాలు దాని సంతానమే. మన దేశంలో మూత్రపిండాన్ని మార్చి అమర్చే చికిత్స 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జయప్రదమైంది. ఇవి ఎందరికో ప్రాణభిక్ష పెట్టాయి. కాని వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకున్నా, రెండు పిడికిళ్ళంత అవయవాలు రాత్రింబగళ్ళు చేసే పనిలో కొంతే జరుగుతుంది. రక్తం తయారీకి ఎముకల మజ్జను పురమాయించేది కూడా మూత్రపిండాలే. యంత్రం ఆ పని చేయలేదు.

సగానికి పైగా పాడయ్యేదాకా ఇవి నోరు విప్పవు. తెల్లవారి లేచేసరికి కళ్ళకింద ఉబ్బు, పాదాల వాపు, మూత్రంలో నురగ తేలి నిలవడం కనబడితే అప్పటికే జబ్బు ముదిరి ఉండవచ్చు. చక్కెర, రక్తపోటు ఉన్నవారు కనీసం ఏడాదికోసారి మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. రంగు చూసి కంగారుపడకండి. బి కాంప్లెక్సు బిళ్ళలు వేసుకుంటే ముదురు పసుపు, క్షయకు ఇచ్చే మందులతో నారింజ రంగు, బీట్‌రూట్ తిన్నాక కొందరికి ఎర్రటి రంగు రావడం సహజం. పలచని గడ్డి రంగు ఉంటే మీరు తాగే నీరు సరిపోతున్నట్టే. ముదిరితే ఇంకా తాగాలి. గుండె జబ్బుకు, మూత్రపిండాల జబ్బుకు మందులు వాడుతూ, నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పినవారు మాత్రం ఆ కొలతే పాటించాలి.

"తాగమంటారు సరే, ఎక్కడికి వెళ్ళమంటారు?" అని అడిగింది ఆ సహోదరి. న్యాయమైన ప్రశ్న. ఇళ్ళలో మరుగుదొడ్లు పెరిగాయి. చేలల్లో, బస్టాండుల్లో, కొన్ని బడుల్లో పరిస్థితి మారలేదు. మన మందిరాల సంగతి కూడా చెప్పక తప్పదు. ఉదయం ఆరాధన నుంచి మధ్యాహ్నం దాకా, కూడికల రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా స్త్రీలు, గర్భిణీలు, ముసలమ్మలు కూర్చుంటారు. మైకు సెట్టుకు, రంగుల దీపాలకు చందాలు వేసుకున్న సంఘాలు కూడా గోడ చాటున ఒక గది, ఒక నీళ్ళ తొట్టి కట్టించని చోట్లు నేను చూశాను. ఈ మాట స్త్రీల సమాజం వారు పెద్దల ముందు పెట్టాలి. పాస్టరమ్మగారు కలిసి వస్తే ఇంకా మంచిది.

ఆ సహోదరి మందు వాడి, మూడు వారాల తరువాత మళ్ళీ కనబడింది. ఈసారి జబ్బుతో కాదు, తోడుగా వచ్చిన ఆడబిడ్డకోసం. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పింది. వాళ్ళ ముఠాలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఉన్నారట. మేస్త్రీతో మాట్లాడి, నాలుగు కర్రలు పాతి, తాటాకులతో చేను మూల ఒక దడి కట్టించుకున్నారు. చేను మారినప్పుడల్లా దాన్ని ఊడదీసి ట్రాక్టరులో వేసుకుపోతున్నారు. నీళ్ళ క్యాను మధ్యాహ్నానికే అయిపోతోందని రైతు రెండో క్యాను పంపిస్తున్నాడట.